కణుపుల లెక్క

పైడిభీమవరం దగ్గర మందుల కంపెనీలో
టైమాఫీసు గుమస్తాని నేను.
కొత్త బ్యాచ్ వచ్చినప్పుడల్లా
క్యాంటీన్లో ఉప్మా వాసన మధ్య నిలబడి
ప్రమాద బీమా పట్టిక చదవాలి.
మీ జీతంలో పైసా కోయరు, ప్రీమియం కంపెనీదే.
డ్యూటీలోనే కాదు, ఇంటి దగ్గర జారిపడినా వర్తిస్తుంది.
మనిషి పోతే నూటికి నూరు, ఐదు లక్షలు.
రెండు కళ్లు పోయినా నూరే. ఒక కన్ను సగం.
చెయ్యి మణికట్టు దగ్గర తెగితే సగం,
బొటనవేలు పాతిక, చూపుడువేలు పది,
చిటికెనవేలు నాలుగు.

చదువుతుంటే
బల్లల కింద చేతులు
వాటంతటవే పిడికిళ్లవుతాయి.

ఆ రోజు వెనక వరసలోంచి బైరి దుర్యోధన లేచాడు.
ఉద్దానం మనిషి, కవిటి దగ్గర ఊరు.
"బావూ, నాలిక్కెంతండి?"
నవ్వుతూనే చూశాను. మాట పోతే సగమని ఉంది.
"మా ఇంటిదానికి సెప్పకండేం, కోసీగల్దు."

నామినీ గడిలో ఆ ఇంటిదాని పేరే రాశాడు:
దమయంతి, భార్య, నూరు శాతం.
కింద గుండ్రటి సంతకం, తోక మీద రెండు చుక్కలు.
పది పాసైన సంతకం.

రెండో ఏడు శ్రావణంలో
ప్యాకింగ్ బెల్టు ముందు గ్లౌజును పట్టుకుంది.
చూపుడువేలు రెండు కణుపులు, మధ్యవేలు ఒకటి.

ఎఫ్.ఐ.ఆర్., ఎక్స్‌రే, శ్రీకాకుళం రిమ్స్‌లో బోర్డు ముందు క్యూ,
తాగి లేడని ఒక కాగితం,
కావాలని పెట్టలేదని ఇంకొకటి.
నేనే వెంట తిరిగాను.
ఎనిమిది శాతం, రెండు శాతం. యాభై వేలు.
చూపుడువేలు మొత్తం పోయుంటే దానికే పది.
ఆ మూడో కణుపుని
డాక్టరు గంటన్నర కూర్చుని కుట్లేసి నిలబెట్టాడు.
దుర్యోధన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.
"అయితే ఇది పదేలండి."

అసలు తంటా గేటు దగ్గర.
హాజరు యంత్రానికి తెలిసింది ఆ పోయిన వేలే.
మొండి పెడితే ఎర్రదీపం.
మళ్లీ ప్రయత్నించండి, మళ్లీ ప్రయత్నించండి, ఆడగొంతు.
మూడు రోజులు అతను గైర్హాజరు
నా కళ్లెదురుగా నిలబడి.

డబ్బు ఏం చేశావని నేనడగలేదు.
టీ దగ్గర అతనే చెప్పాడు.
వారానికి రెండుసార్లు దమయంతిని
బావమరిది సోంపేట తీసుకెళ్తాడు, రక్తం కడిగించడానికి.
మిషను ఖర్చు సర్కారుది.
ఆటో, సూదులు, బావమరిది పోగొట్టుకున్న కూలి మనవి.
"బావూ, మీ కాయితంలో కిడ్నీకెంత?"

చెవికి ఉంది. కాలి బొటనవేలికి ఉంది.
లోపలి వాటికి గడులు లేవు.
ఉన్నా ఆవిడ ఉద్యోగి కాదు.
అయినా, రెండో పేజీలో స్పష్టంగా రాశారు:
దెబ్బ బయటినుంచి తగలాలి,
హఠాత్తుగా, కంటికి కనబడేలా.
నీళ్లో, ఎండో, మరేదో,
ఉద్దానంలో తగులుతున్నదేమిటో
తేల్చి చెప్పినవాడు లేడు.
హఠాత్తుగా మాత్రం తగలదు.

మొన్న మాఘంలో గుండుతో వచ్చాడు.
నామినీ మార్చాలి.
బైరి హేమలత, కూతురు, తొమ్మిదేళ్లు,
మైనరు కాబట్టి సంరక్షకురాలు మేనత్త.
మార్పుకు కారణం: మరణం.
పక్కన చిన్న అక్షరాల్లో, సహజమా, ప్రమాదమా?
ముప్పై నాలుగేళ్ల మనిషికి
సహజం దగ్గర టిక్కు పెట్టాను.
పెన్ను కాస్త ఆగింది, అంతే.

సంతకం కుదర్లేదు.
మూడుసార్లూ తోక దగ్గర పెన్ను జారిపోయింది.
ఇంకు ప్యాడు జరిపాను.
ఎడమ బొటనవేలు అద్దాడు,
లక్షా పాతిక వేల వేలు,
ఒక్క గీతా చెదరకుండా పడింది.

తుడుచుకోవడానికి నా దగ్గర గుడ్డ లేదు.
బయట బి షిఫ్టు కూత.
నల్లటి వేలు ప్యాంటుకి రాసుకుంటూ
గేటు వైపు పరిగెత్తాడు.